మా గూడ్స్ షెడ్డుకు వచ్చినవాళ్లు

పొద్దున ఎనిమిది గంటలకు గూడ్స్ ఆఫీసు కిటికీ తెరవగానే వినిపించే మొదటి మాట ఒకటే. "బాబుగారూ, మా వ్యాగన్ పెట్టారా?" యార్డులో ఎక్కడో వరసలో ఉన్న వ్యాగన్‌ను షంటింగ్ ఇంజను లాక్కొచ్చి షెడ్డు ముందు లైనులో నిలబెట్టడాన్ని మేము 'పెట్టడం' అనేవాళ్లం. పెట్టిన క్షణం నుంచి గడువు లెక్క మొదలవుతుంది. ఆ గడువులోపల సరుకు దించుకోవాలి, లేదా ఎక్కించుకోవాలి. దాటితే డెమరేజి అనే అదనపు రుసుము. దించిన సరుకు షెడ్డులోనే ఉండిపోతే దానికి వేరే రుసుము, వార్ఫేజి. అందుకే ఆ ప్రశ్న అడిగే గొంతులో ఆశ ఎంత ఉండేదో ఆందోళనా అంతే ఉండేది. నా ఉద్యోగం మొదటి పదేళ్లలో ఆ మాట వినని పని దినం నాకు గుర్తులేదు. ఇప్పుడు ఆ మాట అడిగేవాళ్లు లేరు. వాళ్ల గురించి ఎవరైనా ఒకరు రాసి పెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

1978లో, ఇరవై రెండేళ్ల వయసులో, విశాఖపట్నంలో గూడ్స్ క్లర్కుగా చేరాను. అప్పటికి ప్రయాణికుల స్టేషను పేరు ఇంకా వాల్తేరే. 1987లో గాని అది విశాఖపట్నం కాలేదు. మాది సౌత్ ఈస్టర్న్ రైల్వే. ఆదేశాలన్నీ కలకత్తా గార్డెన్ రీచ్ నుంచి వచ్చేవి. మా హెడ్ క్లర్కుగారు బెంగాలీ. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి ఇక్కడే స్థిరపడిన కుటుంబం వారిది. తెలుగు చక్కగా మాట్లాడేవారు, కాని లెక్కలు మాత్రం బెంగాలీలో గొణుక్కుంటూ వేసేవారు. ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి తన వ్యాగన్ సంగతి అడిగితే రిజిస్టరు చూసి జవాబు చెప్పేవారు కాదు. కుర్చీలోంచి లేచి, గొడుగు తీసుకుని, లైను దాకా నడిచి వెళ్లి, వ్యాగన్ నంబరు కళ్లతో చూసి వచ్చాకే చెప్పేవారు. "రిజిస్టరులో రాసింది నిన్నటి మాట, షావుకారుకు కావలసింది ఈ పూట మాట" అనేవారు. నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. ఆ నడక నాకూ పట్టుబడింది.

మొదటి నెలలో ఆయన నా చేతికి సైడింగుల రిజిస్టరు, అంటే ఒక్కో కర్మాగారంలోకి చీలి వెళ్లే విడి లైన్ల రిజిస్టరు, ఇచ్చి చదవమన్నారు. అది చదివితే ఊరి జాతకం చదివినట్టే ఉండేది. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని సముద్రం దాటించడానికి బెంగాల్ నాగపూర్ రైల్వే కట్టించిన హార్బరు 1933లో మొదలైంది. రాయపూర్ నుంచి విజయనగరానికి కొండల మీదుగా లైను వేసిందీ ఆ సరుకు కోసమే. తరవాత నౌకల కర్మాగారం. 1957లో కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం; నేను చేరిన ఏడాదే అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. 1960లలో కోరమాండల్ ఎరువుల కర్మాగారం, భారత్ హెవీ ప్లేట్ అండ్ వెస్సెల్స్ (బీహెచ్‌పీవీ). ఆ తరవాత హిందుస్థాన్ జింక్. ఒక్కో కర్మాగారం పుట్టినప్పుడల్లా మా పటంలో ఒక కొత్త గీత చేరేది. మల్కాపురం, మిండి, గాజువాక నాకు బస్సు స్టాపులుగా కంటే ముందు సైడింగుల పేర్లుగానే పరిచయం.

ఈ పెద్ద ఖాతాదారులలో ఒక్కొక్కరి సరుకుకూ ఒక రంగు, ఒక వాసన. ఎరువుల వ్యాగన్ల దగ్గర ముక్కు మండేది. గ్రోమోర్ బస్తాలు ఎక్కించే వేసవి రోజుల్లో, తొలకరికి ముందే రైతుకు చేరాలని జిల్లాల నుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చేవి. చమురు వ్యాగన్లకు దగ్గరలో అగ్గిపుల్ల గీయడానికి వీల్లేదు. అక్కడి షంటింగ్ సిబ్బంది బీడీ కట్టను ఇంటి దగ్గరే వదిలి వచ్చేవాళ్లు. హార్బరులో గంధకం కుప్పలు ఎండలో పసుపు కొమ్ములు ఆరబోసినట్టు ఉండేవి. ఇనుప ఖనిజం సంగతి చెప్పనే అక్కరలేదు. బైలదిల్లా కొండల్లో తవ్విన ఖనిజం కిరండూల్ నుంచి కొత్తవలస దాకా, అరకు సొరంగాల గుండా, నాలుగు వందల నలభై కిలోమీటర్ల పైచిలుకు దిగి వచ్చి జపాను ఓడల్లోకి ఎక్కేది. ఆ లైను పక్కన రాళ్లు, చెట్ల ఆకులు, గ్యాంగ్‌మెన్ చొక్కాలు అన్నీ ఎర్రగా ఉండేవి.

హార్బరులో టిప్లర్ పనిచేయడం మొదటిసారి చూసిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. ఖనిజం నిండిన వ్యాగన్‌ను ఒక ఇనుప చట్రంలోకి తోస్తారు. చట్రం దానిని రెండు పక్కలా పట్టుకుని, పట్టాలతో సహా, మెల్లగా బోర్లిస్తుంది. ఒక్కసారిగా కొండ విరిగినట్టు చప్పుడు. ఎర్రటి పొగ పైకి లేస్తుంది. అది తగ్గేసరికి వ్యాగన్ ఖాళీగా, మళ్లీ నిటారుగా, ఏమీ ఎరగనట్టు పట్టాల మీద నిలబడి ఉంటుంది. నా పక్కన నిలబడి చూస్తున్న ముసలి మేస్త్రీ ఆ చప్పుడు ఆగాక, "ఇదే పని మా అమ్మ వాళ్లు గంపలతో చేసేవారు బాబూ" అన్నాడు. మాంగనీసు ఖనిజాన్ని ఆడవాళ్లు తలల మీద మోసి ఓడకు ఎక్కించిన రోజులవి. ఆ మాట విన్నాక టిప్లర్‌ను చూసినప్పుడల్లా నాకు గంపల వరస కనిపించేది.

అయితే నా మనసులో మిగిలిపోయింది ఈ పెద్ద సంస్థలు కావు. వాటి తరఫున వచ్చేది సంతకం చేసే ఉద్యోగులు. మర్యాదస్తులు, కాని రెండేళ్లకోసారి మారిపోయేవారు. గూడ్స్ షెడ్డుకు వచ్చేవాళ్లది వేరే లోకం. ఒక్క వ్యాగన్, నాలుగు చక్రాల చిన్న వ్యాగన్, ఇరవై పైచిలుకు టన్నుల సరుకు. అందులో ఒక కుటుంబం ఏడాది సంపాదన ఉండేది. జ్ఞానాపురం మార్కెట్టుకు ఉల్లిపాయలు తెప్పించేవాళ్లు, నౌకాదళంలో బదిలీ అయి ఇంటి సామాను పంపించుకునేవాళ్లు, పాత ఇనుము కొనేవాళ్లు, అగ్గిపెట్టెలు, పెంకులు, గోనె సంచులు, విత్తనాలు. వ్యాగన్ నిండేంత సరుకు లేనివాళ్లు రెండు పెట్టెలో, నాలుగు మూటలో బుక్ చేసేవాళ్లు. దాన్ని 'స్మాల్స్' అనేవాళ్లం. ఒకే వ్యాగన్‌లో పదిమంది సరుకు కలిసి ప్రయాణం చేసేది.

సిమెంటు రోజుల గురించి ఈ తరానికి చెబితే నమ్మరు. 1982లో ప్రభుత్వం కొంత అదుపు సడలించేదాకా సిమెంటు బస్తా కావాలంటే పర్మిట్ ఉండాలి. సిమెంటు వ్యాగన్లు షెడ్డుకు చేరాయన్న వార్త మా కంటే ముందు ఊరికి తెలిసిపోయేది. ఎలా తెలిసేదో నాకు ఈనాటికీ అర్థం కాదు. తలుపు సీలు విప్పేసరికి షెడ్డు బయట రిక్షాలు, ఎడ్లబండ్లు, చేతిలో పర్మిట్ కాగితాలతో మనుషులు. కూతురి పెళ్లికి ముందు ఇంటి మీద స్లాబు పోయాలని ఎదురుచూస్తున్న ఒక స్కూలు మాస్టారు మూడు నెలలు ప్రతి సోమవారం వచ్చేవారు. డీలరు ఇవ్వాలి గాని మా చేతుల్లో ఏమీ లేదని ఎన్నిసార్లు చెప్పినా, "తెలుసు నాయనా, వ్యాగన్ వస్తే చూసి వెళదామని" అనేవారు. ఆయన వాటా బస్తాలు బండికి ఎక్కిన రోజు, ఎక్కినవి లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, మాకందరికీ టీ తెప్పించారు.

సిమెంటు దించే రోజున షెడ్డులో మనిషికి మనిషి కనిపించడు. కళాసీలు తలకు, ముక్కుకు గుడ్డ చుట్టుకుని, వ్యాగన్ తలుపు నుంచి ప్లాట్‌ఫారం మీదికి వేసిన చెక్క పలక మీద పరుగులాంటి నడకతో వచ్చేవాళ్లు. యాభై కిలోల బస్తా వీపు మీద ఉండగా నెమ్మదిగా నడిస్తేనే బరువెక్కువని వాళ్ల లెక్క. చిరిగిన బస్తాల నుంచి రాలిన పొడిని ఆడవాళ్లు చీపుళ్లతో పోగుచేసి మళ్లీ సంచికి ఎత్తేవాళ్లు. సాయంత్రానికి వాళ్ల కనుబొమలు తెల్లగా అయిపోయేవి. నాకు ఆ రోజుల్లో పట్టుకున్న పొడి దగ్గు ఏళ్ల తరబడి వదల్లేదు. దాని కథ మరొకరి కథతో ముడిపడి ఉంది.

ఆయన కరక్కాయల వ్యాపారి. మేమందరం కరక్కాయ షావుకారుగారు అనేవాళ్లం. పాడేరు, అరకు వైపు అడవుల్లో గిరిజనులు ఏరిన కరక్కాయను గిరిజన సహకార సంస్థ కొనేది. ఆ సంస్థ అమ్మకానికి పెట్టినప్పుడు ఈయన కొని, ఎండబెట్టి, పుచ్చులు ఏరి, తోళ్లు ఊనే ఊళ్లకు పంపేవారు. చర్మం తోలుగా మారాలంటే వగరు కావాలి. కరక్కాయలో అది పుష్కలం. కాన్పూరుకు, కలకత్తాకు, మద్రాసు వైపుకు ఏడాదికి పదీ పన్నెండు వ్యాగన్లు. మా ఆఫీసుకు అంతకంటే ఎక్కువ సరుకు పంపేవాళ్లు ఎందరో ఉన్నారు. అంత శ్రద్ధగా పంపినవాళ్లను మాత్రం నేను చూడలేదు.

వ్యాగన్ కావాలంటే ముందు ఇండెంటు రాసి, డబ్బు కట్టి, వరసలో ఉండాలి. సైన్యం సరుకు, ఆహార ధాన్యాలు, ఎరువులు ముందు. ప్రైవేటు వ్యాపారి సరుకు చిట్టచివర. వారాల తరబడి ఎదురుచూశాక వ్యాగన్ పెట్టినప్పుడు ఎవరైనా హడావిడిగా ఎక్కించేస్తారు. షావుకారుగారు అలా చేసేవారు కాదు. చెప్పులు విప్పి, పంచె ఎగగట్టి, ఒక్కరే వ్యాగన్‌లోకి ఎక్కేవారు. లోపల ఊడ్పించేవారు. అంతకు ముందు ఏ సరుకు వచ్చిందో నేల మీద వేలితో రాసి వాసన చూసేవారు. ఉప్పు తడి ఉన్నా, నూనె మరక ఉన్నా కరక్కాయ పాడవుతుంది. ఆ తరవాత బయట కళాసీని కేకేసి రెండు పక్కల తలుపులూ మూయించేవారు.

ఒకసారి నన్నూ లోపలికి రమ్మన్నారు. ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. తలుపులు మూసుకోగానే కటిక చీకటి. ఇనుము వేడి, పాత గోధుమ పొట్టు వాసన. "పైకి చూడండి బాబుగారూ, కళ్లు అలవాటు పడనివ్వండి" అన్నారు. కాసేపటికి చీకట్లో చుక్కలు పొడిచినట్టు కప్పులో ఒకచోట సూది మొనంత వెలుగు, ఇంకోచోట మినప గింజంత, పక్క రేకులో గీతలా సన్నటి వెలుగు కనిపించాయి. "వెలుగు వచ్చే చోటునుంచే వాన వస్తుంది" అని ఒక్కొక్క చోట సుద్దతో చుట్టూ సున్నా చుట్టారు. తలుపు తెరిచాక తారులో ముంచిన గుడ్డ పీలికలు ఆ రంధ్రాల్లో దూర్చి, పైన మళ్లీ తారు పూయించారు. తలుపుల సందుల్లో గోనె పట్టీలు కుక్కించారు. అప్పుడు గాని మొదటి బస్తా లోపలికి పోలేదు. నేను ఎన్నో శిక్షణ తరగతులకు వెళ్లాను. ఆ పావుగంటలో నేర్చుకున్నంత ఎక్కడా నేర్చుకోలేదు.

ఎక్కించడం పూర్తయ్యాక సీలు వేయడం మా పని. తలుపు గొళ్లేనికి తీగ చుట్టి, ఆ తీగ కొసలు సీసపు బిళ్లలో దూర్చి, స్టేషను అక్షరాలున్న పటకారుతో నొక్కాలి. బిళ్ల మెత్తగా నలిగి అక్షరాలు పైకి తేలేవి. లేబుల్ మీద ఎక్కడినుంచి, ఎక్కడికి, ఏ సరుకు అన్నది కాపీయింగ్ పెన్సిలుతో రాసి వ్యాగన్ పక్కనున్న గూట్లో దోపేవాళ్లం. అంతా అయ్యాక షావుకారుగారు చిన్న పొట్లం విప్పి, తలుపు గొళ్లెం కింద, వాన తగలని చోట పసుపు రాసి మూడు కుంకుమ బొట్లు పెట్టేవారు. వ్యాగన్‌కు చేయి ఆనించి ఒక్క క్షణం నిలబడేవారు. తరవాత ఆఫీసుకు వచ్చి రైల్వే రసీదు తీసుకునేవారు.

ఆ రసీదు గురించి ఒక మాట చెప్పాలి. మేము ఆర్‌ఆర్ అనేవాళ్లం. అది డబ్బు కట్టినట్టు చూపే చీటీ మాత్రమే కాదు, సరుకు మీద హక్కు పత్రం కూడా. అది ఎవరి పేరున ఉంటే, లేదా ఆ పేరున్నవారు వెనక సంతకం చేసి ఎవరికి ఇస్తే, సరుకు వారిది. వ్యాపారి దాన్ని బ్యాంకులో ఇస్తాడు; అవతలి ఊళ్లో కొన్నవాడు బ్యాంకులో డబ్బు కట్టి విడిపించుకుంటాడు. అది పోతే ఇండెమ్నిటీ బాండు రాసి, జామీను ఇచ్చి, నానా తంటాలు పడాలి. దూరాల పట్టికలు, రేట్ల పుస్తకాలు ముందు వేసుకుని, ఏ జంక్షను మీదుగా ఎన్ని కిలోమీటర్లో కూడి, సరుకు ఏ తరగతిలోకి వస్తుందో వెతికి, కార్బన్ కాగితాలు పెట్టి గట్టిగా నొక్కి రాసేవాళ్లం. ఒక్క అంకె తప్పు రాస్తే ఆ తేడా ఎప్పటికైనా మా జీతంలోంచి పోయే ప్రమాదం ఉండేది.

ఒకసారి ఒకావిడ ఆ రసీదును పసుపు గుడ్డలో చుట్టి తెచ్చింది. భర్త ఇత్తడి, ఇనుప సామాను తెప్పించి ఊళ్లలో అమ్మేవాడట. సరుకు దారిలో ఉండగానే ఆయన పోయాడు. రసీదు ఆయన పేరున ఉంది. పదకొండు రోజుల కార్యక్రమాలు ముగిసి ఆవిడ మా దగ్గరకు వచ్చేసరికి సరుకు విలువలో మూడోవంతు వార్ఫేజి అయింది. మా హెడ్ క్లర్కుగారు ఆవిడను బల్ల మీద కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, ఏ కాగితం ఎక్కడ తీసుకోవాలో తెలుగులో తానే రాసి ఇచ్చారు. వార్ఫేజి తగ్గించమని అర్జీ కూడా ఆయనే తయారుచేసి, ఆవిడ చేత సంతకం చేయించి, డివిజన్ ఆఫీసుకు స్వయంగా పట్టుకెళ్లారు. సగానికి పైగా తగ్గింది. ఆ సామాను అమ్మి ఆవిడ అదే వ్యాపారం సాగించింది. మరో నాలుగేళ్లు రసీదు తీసుకోవడానికి ఆవిడే వచ్చేది, ఈసారి తన పేరున రాసినది.

షావుకారుగారి వ్యాగన్ తప్పిపోయింది 1981 వానాకాలంలో. ఆ రోజుల్లో ఒక్క వ్యాగన్ కాన్పూరు చేరాలంటే ఎన్నో యార్డుల్లో ఆగాలి. ప్రతి యార్డులోనూ రైలును విడగొట్టి, గమ్యాన్ని బట్టి వ్యాగన్లను వేరుచేసి, మరో రైలుకు తగిలించాలి. ఆ వేరుచేసే మనిషి చూసేది లేబుల్ ఒక్కటే. వానకు లేబుల్ తడిసి ఊడిపోతే ఆ వ్యాగన్ ఎవరిదో, ఎక్కడికో చెప్పేవాడు ఉండడు. 'అన్‌కనెక్టెడ్' అని రాసి ఒక మూల లైనులోకి తోసేస్తారు. ఇరవై రోజులైనా సరుకు చేరలేదని ఉత్తరం వచ్చింది. ఆయన వచ్చి కిటికీ ముందు నిలబడి ఏమీ అనలేదు. ఉత్తరం నా ముందు పెట్టారు, అంతే.

కంట్రోలు ఫోను మీద దారిలోని యార్డులకు ఒక్కొక్కదానికి వ్యాగన్ నంబరు చదివాను. జవాబులు లేవు. ఎక్స్‌ప్రెస్ ఉత్తరాలు రాశాను. నష్టపరిహారానికి ఆరు నెలల లోపు దరఖాస్తు పెట్టాలి, ఫారం నింపుదామని అన్నాను. "పరిహారం వద్దు బాబుగారూ, సరుకు ఉంది. ఎక్కడో ఉంది" అన్నారు. ఆ రాత్రి ఇంటికి వెళ్లాక నాకు గొళ్లెం కింద పసుపు గుర్తుకొచ్చింది. మర్నాడు మళ్లీ అన్ని యార్డులకూ రాశాను. మూసిన వ్యాగన్, లేబుళ్లు లేకపోవచ్చు, తలుపు గొళ్లెం కింద పసుపు రంగు, దాని మీద మూడు ఎర్ర చుక్కలు ఉంటాయి, దయచేసి చూడండి అని. మా హెడ్ క్లర్కుగారు ఆ ఉత్తరం చదివి ఒక్క అక్షరం మార్చకుండా ముద్ర వేశారు.

నలభై ఒకటో రోజున ఒక దూరపు యార్డు నుంచి ట్రైన్స్ క్లర్కు చేత్తో రాసిన ఉత్తరం వచ్చింది. లేబుళ్లు లేవు, నంబరు మీద బొగ్గు మసి పట్టి చదవడానికి రావడం లేదు, మీరు చెప్పిన మూడు చుక్కలు ఉన్నాయి, మసి తుడిపించి నంబరు చూశాం, మీదే అని. పేరు చదవలేనంత గజిబిజి సంతకం. ఆ మనిషిని నేను ఎన్నడూ చూడలేదు. వానలో, వందల వ్యాగన్ల మధ్య, లాంతరు పట్టుకుని గొళ్లేల కింద చూసుకుంటూ నడిచి ఉంటాడు. కరక్కాయ తడవకుండా చేరింది. తారు గుడ్డలు పనిచేశాయి.

ఆ వారం షావుకారుగారు వచ్చి నా బల్ల మీద చిన్న గుడ్డ సంచి పెట్టారు. నేను ఏ షావుకారు దగ్గరా ఏమీ తీసుకోనని ఆయనకు తెలుసు. "ఇది సరుకు కాదు, మందు. ఆ దగ్గు వింటుంటే నాకే బాధగా ఉంటోంది. పెచ్చు ఒకటి బుగ్గన పెట్టుకోండి, రసం మింగండి" అన్నారు. అప్పటినుంచి సిమెంటు వ్యాగన్లు వచ్చిన రోజుల్లో నా బుగ్గన కరక్కాయ పెచ్చు ఉండేది. మొదట నోరంతా వగరు పట్టేస్తుంది, తరవాత మంచినీళ్లు తాగితే తియ్యగా ఉంటాయి.

బీహెచ్‌పీవీ వారి పెద్ద సరుకు ఒకటి బయలుదేరిన రోజూ నాకు గుర్తుంది. ఎరువుల, చమురు కర్మాగారాలకు వాళ్లు చేసే పీడన పాత్రలు కొన్ని వ్యాగన్ కొలతలకు మించి ఉండేవి. అలాంటిది కదలాలంటే దారిలో ప్రతి వంతెన, ప్రతి ప్లాట్‌ఫారం అంచు, ప్రతి సిగ్నల్ స్తంభం లెక్కలోకి తీసుకుని అనుమతి రావాలి. మరీ పెద్దవి పగటి పూటే, మెల్లగా, మనిషి తోడుండి నడవాలి. మీసాలు సరిగా రాని ఒక ఇంజనీరు కుర్రాడు డ్రాయింగులు చంకన పెట్టుకుని నెలరోజులు మా ఆఫీసు చుట్టూ తిరిగాడు. అది కదిలిన ఉదయం అతను కొలత చట్రం పక్కన నిలబడి, పాత్ర అంచు చట్రానికి తగలకుండా దాటేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు. దాటాక నా చేయి పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా మంచులా ఉంది.

మార్పు ఒక్కరోజున రాలేదు. మొదట స్మాల్స్ తగ్గాయి, తరవాత ఆగిపోయాయి. 1980లలో రైల్వే విడి వ్యాగన్ల పద్ధతిని వదిలి, మొత్తం రైలు మొత్తంగా ఒకచోట నిండి ఒకచోట ఖాళీ అయ్యే పద్ధతిని పట్టుకుంది. ఎయిర్ బ్రేకులున్న పొడవాటి కొత్త వ్యాగన్లు వచ్చాయి. నాలుగు చక్రాల పాత వ్యాగన్లు పక్క లైన్లలో తుప్పు పట్టాయి. దీనికి కారణం లేకపోలేదు. 1980-81లో ఒక వ్యాగన్ ఒక లోడు నుంచి మరో లోడుకు రావడానికి సగటున 15 రోజులు పట్టేది. ఇరవై ఏళ్లలో అది 7, 8 రోజులకు దిగింది. దేశానికి బొగ్గు కావాలి, ధాన్యం కావాలి, ఉక్కు కావాలి. 1992లో జాతికి అంకితమైన మన ఉక్కు కర్మాగారానికి బైలదిల్లా ఖనిజం, జగ్గయ్యపేట సున్నపురాయి, మాదారం డోలమైటు రోజూ రావాలంటే నిండు రైళ్లే దారి. ఆ లెక్క నాకు తెలుసు, దాన్ని కాదనను. అయినా ఒక్క వ్యాగన్ మనిషికి ఏదో ఒక దారి ఉంచి ఉండవలసిందని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. నలభై వ్యాగన్లు ఒకేసారి నింపగల కరక్కాయ వ్యాపారి దేశంలో ఎక్కడున్నాడు?

ఒక్కొక్కరే లారీలకు మళ్లారు. ఉల్లిపాయలు మళ్లాయి, పెంకులు మళ్లాయి, అగ్గిపెట్టెలు మళ్లాయి. వెళ్లిపోతున్నామని ఎవరూ చెప్పలేదు. ఇండెంటు రిజిస్టరులో పేర్లు రావడం మానేశాయి, అంతే. ఒక సోమవారం కిటికీ తెరిస్తే బయట ఒక్కరూ లేరు. ఆ రోజు తేదీ నేను రాసి పెట్టుకోలేదు. తరవాత కంప్యూటర్లు వచ్చాయి, రసీదు యంత్రం మీద అచ్చవడం మొదలైంది, దూరాల పట్టికలు బీరువా ఎక్కాయి. 2003లో మా డివిజన్ ఈస్ట్ కోస్ట్ రైల్వేలోకి మారింది. 2012లో జింక్ కర్మాగారం మూతపడ్డ వార్త చదివినప్పుడు, సైడింగుల రిజిస్టరులో ఆ పేరున్న పుట కళ్లముందు కదిలింది. దామంజోడి అల్యూమినా రైళ్లు హార్బరుకు వెళుతుంటే ఇప్పటికీ కంచరపాలెం దగ్గర ఆగి చూస్తాను. పెదవులు వాటంతట అవే నంబర్లు చదువుతాయి.

షావుకారుగారి చివరి వ్యాగన్ 1988 వేసవిలో వెళ్లింది. అదే చివరిదని ఆయనకు తెలుసు. విడి వ్యాగన్ల ఇండెంట్లు ఇకమీదట తీసుకోబోమని నేనే చెప్పాను. అప్పటికి ఆయనకు మోకాళ్ల నొప్పులు. వ్యాగన్‌లోకి ఎక్కడానికి కళాసీ ఒకడు చేయి ఇచ్చాడు. నేనూ ఎక్కాను. తలుపులు మూయించారు. ఇద్దరం చీకట్లో తలలు పైకెత్తి నిలబడ్డాం. బయట ఎవరో చక్రాల మీద సుత్తితో కొట్టుకుంటూ వెళుతున్న చప్పుడు దగ్గరకు వచ్చి, దూరమైంది. కళ్లు అలవాటు పడేదాకా చూశాం, ఆ తరవాతా చాలాసేపు చూశాం. కప్పులో గాని, పక్కల గాని ఒక్క చుక్క వెలుగు లేదు.

"మంచి వ్యాగన్ ఇచ్చారు బాబుగారూ" అన్నారు. తలుపు మీద రెండుసార్లు తట్టి, తెరవమని కేకేశారు.